ప్రహరీ మీద ప్రైవసీ స్క్రీన్ ఎంచుకోవడం ఎలా? కొలతల నుంచి బిగింపు దాకా

"ప్రహరీ ఐదడుగులే ఉంది. పక్కింట్లో పై అంతస్తు లేచింది. పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చోలేకపోతున్నాం. ఏం కడితే బాగుంటుంది?" ఈ మధ్య పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే షాపుకి వెళ్లి, గోడ మొత్తం పొడవుకి లెక్క వేయించుకుని, ఆ అంకె చూసి ఆగిపోయి ఉంటారు.

మెటీరియల్ ఎంపిక నిజానికి ఆఖరి మెట్టు. ఎవరి చూపు, ఎక్కడి నుంచి, మీ స్థలంలో ఏ చోట పడుతోందో ముందు తేల్చుకోవాలి. అది తేలితే నలభై అడుగుల గోడకి బదులు పది పన్నెండు అడుగుల చాటుతో పని అయిపోయే ఇళ్లు చాలా ఉంటాయి. కింద చెప్పిన వరుస మార్చకుండా చేసుకుంటూ వెళ్లండి.

## 1. ముందు చూపు ఎక్కడి నుంచి పడుతోందో గుర్తించండి

ఒక కాగితం మీద మీ స్థలం గీసుకోండి. ఇల్లు, ప్రహరీ, గేటు, బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు అన్నీ గుర్తు పెట్టండి. తర్వాత మీరు నిజంగా వాడే చోట్లు గీయండి: బట్టలు ఆరేసే దండెం, పెరట్లో గిన్నెలు తోమే చోటు, సాయంత్రం కూర్చునే అరుగు, పిల్లలు ఆడుకునే మూల, బాత్రూం కిటికీ.

ఒక్కో చోట మీరు మామూలుగా ఉండే భంగిమలోనే ఉండి చుట్టూ చూడండి. కూర్చునే చోట కూర్చుని, నిలబడే చోట నిలబడి. అక్కడి నుంచి మీకు ఏ కిటికీ, ఏ బాల్కనీ, ఏ డాబా కనిపిస్తుందో వాళ్లకి మీరూ కనిపిస్తారు. ఆ గీతలన్నీ కాగితం మీద వేయండి. ఎక్కువ గీతలు గోడని ఏ భాగంలో దాటుతున్నాయో అక్కడే మీ పని.

ఇదే పరిశీలన రాత్రి లైట్లు వేసి మరోసారి చేయాలి. చిల్లులున్న ఏ తెరైనా వెలుతురున్న వైపు దాచదు. పగలు బయట వెలుగు ఎక్కువ కాబట్టి షేడ్ నెట్ వెనక నీడలో ఉన్నది కనపడదు. రాత్రి మీ వరండాలో ట్యూబ్‌లైట్ వెలిగితే అదే నెట్ గుండా వీధిలోంచి అంతా కనిపిస్తుంది. రాత్రి వాడుకునే చోటయితే జాలీ రకాలు పక్కన పెట్టేయండి, లేదా లైటుని తెరకి దగ్గరగా, నేల వైపు వంచి పెట్టుకోండి.

ఈ దశలో రాసుకోవాల్సినవి:

- చాటు కావాల్సిన చోట్లు, ముఖ్యమైనది ముందు
- చూపు వచ్చే ఎత్తు: వీధి, పక్కింటి కింది అంతస్తు, పై అంతస్తు, అపార్ట్‌మెంటు
- పగలా, రాత్రా, రెండూనా
- ఆ దిక్కు ఏది, ఎండ ఏ పూట పడుతుంది, గాలి ఎటు నుంచి వస్తుంది

చివరి అంశం తేలిగ్గా తీసుకోవద్దు. పడమర వైపు దట్టమైన చాటు కడితే సాయంత్రపు ఎండ, వడగాలి రెండూ తగ్గుతాయి. కోస్తాలో సాయంత్రం సముద్రం మీంచి గాలి వచ్చే వైపు అదే దట్టమైన షీటు పెడితే పెరడు ఉక్కపోతతో నిండిపోతుంది.

## 2. ఎత్తు ఊహించొద్దు, కొలవండి

సులువైన పద్ధతి ఇద్దరితో అయిపోతుంది. ఒకరు కుర్చీలో కూర్చోవాలి. ఇంకొకరు గోడ దగ్గర పొడుగాటి కర్ర నిలబెట్టి, దాని మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి పైకి జరుపుతూ పోవాలి. పక్కింటి కిటికీ పై అంచు చేతి వెనక మాయమైన చోట గీత పెట్టండి. దానికి ఓ అరడుగు కలుపుకోండి, కూర్చున్నవాళ్ల తల కూడా దాగాలి కదా. మీకు కావాల్సిన ఎత్తు అదే.

కర్ర పట్టుకునే మనిషి లేకపోతే లెక్కతో తేల్చవచ్చు:

(చూసేవాళ్ల కంటి ఎత్తు − మీ తల ఎత్తు) × (మీ చోటు నుంచి తెరకి దూరం) ÷ (మీ చోటు నుంచి వాళ్ల కిటికీకి దూరం) + మీ తల ఎత్తు

ఉదాహరణకి పక్కింటి మొదటి అంతస్తులో నిలబడ్డవాళ్ల కళ్లు నేల నుంచి 16 అడుగుల ఎత్తులో ఉన్నాయనుకోండి. ఆ కిటికీ ప్రహరీకి అవతల 15 అడుగుల దూరంలో ఉంది. మీ కుర్చీ ప్రహరీకి ఇవతల 8 అడుగుల్లో ఉంది, కూర్చుంటే తల 4 అడుగుల ఎత్తు. తెర ప్రహరీ మీదే పెడితే 12 × 8 ÷ 23 + 4, అంటే 8 అడుగుల 2 అంగుళాలు కావాలి. ఐదడుగుల గోడ మీద మరో మూడడుగుల పైచిలుకు కట్టాలన్నమాట.

అదే తెరని కుర్చీకి 3 అడుగుల ముందు పెడితే? 12 × 3 ÷ 23 + 4. సుమారు ఐదున్నర అడుగులు! ఒకటిన్నర అడుగు కుండీలో నాలుగడుగుల మొక్క పెడితే అయిపోయింది. గోడకి వెల్డింగ్ అక్కర్లేదు, అనుమతుల టెన్షన్ లేదు. తెర మీకు ఎంత దగ్గరగా ఉంటే అంత పొట్టిగా సరిపోతుంది. ఈ ఒక్క లెక్క ముందే వేసుకుని ఉంటే ఎన్ని ఇళ్లకి ఎంత ఇనుము మిగిలేదో.

అవతల ఉన్నది అపార్ట్‌మెంటయితే సంగతి వేరు. 45 అడుగుల ఎత్తు నుంచి, గోడకి 30 అడుగుల అవతల నుంచి చూస్తుంటే, అదే కుర్చీని దాచడానికి ప్రహరీ దగ్గర తెర నేల నుంచి పన్నెండున్నర అడుగుల ఎత్తు ఉండాలి. అది ఎవరూ కట్టరు, కట్టకూడదు కూడా. అంత ఎత్తు నుంచి పడే చూపుకి నిలువు తెర వృథా. కూర్చునే చోటు మీద పందిరి వేయండి. దొండ పాదు ఏళ్ల తరబడి ఉంటుంది, బీర, చిక్కుడు సీజన్‌కి అల్లుకుంటాయి. రాధామనోహరం పాకిస్తే పూల వాసన అదనం.

## 3. గోడ ఎంత మోయగలదు, గాలి ఎంత తోస్తుంది

ప్రహరీ మీద తెర పడిపోయేది బరువు వల్ల కాదు, గాలి వల్ల. గాలి వేగం రెండింతలయితే తోపు నాలుగింతలవుతుంది.

కట్టడాల మీద గాలి భారానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో ఊళ్ల వారీగా ప్రాథమిక గాలి వేగాలున్నాయి. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరుకి సెకనుకి 50 మీటర్లు, హైదరాబాద్‌కి 44, కర్నూలుకి 39. సెకనుకి 50 మీటర్లంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగానికి సుమారు లెక్కన చదరపు అడుగుకి 14 కిలోల తోపు. ఎనిమిది నాలుగుల షీటు ఒక్కటి 32 చదరపు అడుగులు కాబట్టి దాని మీద 450 కిలోల దాకా పడుతుంది. హైదరాబాద్‌లో చదరపు అడుగుకి 11 కిలోలు వేసుకోండి, అదీ తక్కువేం కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకినప్పుడు ఈ లెక్కలు కాగితం దాటి వచ్చాయి.

మన ప్రహరీలు ఎక్కువగా నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు, మధ్యమధ్య పిల్లర్లు. ఆ గోడ నెత్తిన బేస్ ప్లేటు పెట్టి బోల్టులు దిగ్గొడితే, గాలికి ఊగుతూ పై రెండు మూడు వరసల ఇటుకలు వదులవుతాయి. ఇలా పరీక్షించుకోండి:

- గోడ నాలుగున్నర అంగుళాలా, తొమ్మిదా? గేటు దగ్గర అంచు కొలిస్తే తెలుస్తుంది.
- పిల్లర్ల మధ్య దూరం ఎంత? పిల్లర్లలో ఇనుప కడ్డీలున్నాయా, ఉత్త ఇటుకేనా?
- పగుళ్లు, ఒరుగు ఉన్నాయా? గోడ పైనుంచి దారానికి బరువు కట్టి వేలాడదీసి చూడండి.
- గోడ నెత్తిన గాజు పెంకులు గుచ్చి ఉన్నాయా? ఉంటే ఆ పొర చెక్కి తీయాల్సిందే, దాని మీద ప్లేటు కూర్చోదు.

కడ్డీలున్న పిల్లర్లుంటే వాటికే పోస్టులు బిగించవచ్చు. లేకపోతే గోడకి లోపలి వైపు, నేలలోనే సొంత గుంటలతో పోస్టులు నిలబెట్టండి. ఖర్చు కొంచెం ఎక్కువే. కానీ గోడకి నష్టం లేదు, పక్కింటివాళ్లతో పేచీ లేదు. నా ఓటు ఎప్పుడూ దీనికే.

పొలాలు, ఓపెన్ ప్లాట్ల చుట్టూ రాతి కడీలు, చైన్‌లింక్ జాలీ ఉంటాయి. ఆ కడీలు జాలీ బరువు మోయడానికి పాతినవి. జాలీకి దట్టమైన నెట్ కట్టగానే అది తెరచాపలా గాలిని పట్టి కడీలని ఒరిగిస్తుంది. నాలుగైదు కడీలకి ఒకటి చొప్పున, మూలల్లో తప్పనిసరిగా, ఏటవాలు ఆసరా పెట్టాకే నెట్ కట్టండి.

## 4. రూల్స్, ఇరుగుపొరుగు

జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం వీధి మధ్య గీత నుంచి కొలిస్తే ప్రహరీ ఎత్తు మామూలుగా 1.5 మీటర్లు దాటకూడదు, అంటే సుమారు ఐదడుగులు. పై 0.9 మీటర్ల భాగం గాలి, చూపు దూరే తెరిపి కట్టడమయితే 2.4 మీటర్ల దాకా, అంటే దాదాపు ఎనిమిది అడుగుల దాకా అనుమతించవచ్చు. మూలమలుపు ప్లాట్లకి కూడలి దగ్గర 10 మీటర్ల పొడవున గట్టి గోడ 0.75 మీటర్లే ఉండాలి, ఆ పైన కంచె లాంటి తెరిపి కట్టడం మాత్రమే. మలుపులో వచ్చే బండి కనిపించాలి కాబట్టి. ఇది నమూనా కోడ్. మీ ఊళ్లో అమలయ్యేది మీ మున్సిపాలిటీ లేదా పంచాయతీ నిబంధన కాబట్టి టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఓసారి అడిగి మొదలుపెట్టండి. గేటెడ్ కమ్యూనిటీలో అయితే అసోసియేషన్ రూల్స్ ఇంకా కచ్చితంగా ఉంటాయి, రంగుతో సహా.

పక్కింటి కిటికీకి వెలుతురు పూర్తిగా పోయేలా ఎత్తయిన గట్టి తెర కట్టకండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒక భవనానికి 20 ఏళ్లు నిరాటంకంగా, హక్కుగా అందుతున్న వెలుతురు, గాలికి చట్టబద్ధమైన హక్కు ఏర్పడవచ్చు. పాత ఇళ్ల మధ్య ఇది నిజంగానే కోర్టుల దాకా వెళ్తుంది.

కట్టే ముందు పక్కింటివాళ్లకి చెప్పడం మర్యాదే కాదు, పని కూడా సులువవుతుంది. "మీ కిటికీ వైపు చాటు కడుతున్నాం" అంటే ఎవరికైనా చివుక్కుమంటుంది. "అన్నయ్యగారూ, పెరట్లో తెర ఒకటి పెడుతున్నాం, మీ వైపు కూడా చూడ్డానికి బాగుండేలా చేయిస్తాం, వెల్డరు రెండు రోజులు వస్తాడు" అంటే గొడవ ఉండదు. ఉమ్మడి గోడ అయితే మాట సరిపోదు, సంతకం తీసుకోండి.

వాస్తు చూసే ఇల్లయితే ఆ సంగతి కూడా ఇప్పుడే తేల్చండి. ఈశాన్యం వైపు బరువు, ఎత్తు వద్దని, నైరుతి వైపు ఉంటే మంచిదని చెప్పేవాళ్లే ఎక్కువ. పోస్టులు పాతాక పెద్దాయన వచ్చి కాదంటే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

## 5. మెటీరియల్ ఎంపిక

షేడ్ నెట్. చవక, ఒక పూటలో కట్టేయవచ్చు, అద్దె ఇంటికి అనుకూలం. నెట్ మీద 50, 75, 90 అని ఉండే అంకెలు నీడ శాతాలు. 50 శాతం నెట్ మొక్కలకి మంచిదే కానీ వెనక మనిషి ఆకారం తెలిసిపోతుంది. చాటు కోసమైతే 90 తీసుకోండి. గుండ్రటి దారంతో అల్లిన దానికంటే చదునైన టేపుతో అల్లినది చూపుని బాగా ఆపుతుంది. ఎండలోని యూవీ కిరణాలు తట్టుకునే హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్) అని అడగండి. భవన నిర్మాణాల ముందు కట్టే పల్చటి ఆకుపచ్చ నెట్ ఇందుకు పనికిరాదు, ఒక ఎండాకాలానికే పొడిపొడి అవుతుంది.

వెదురు తడకలు, తాటాకు దడి. చూపుకి ఇంపుగా ఉంటాయి, గాలి ఆడుతుంది, వేడెక్కవు. రెండు వానాకాలాలు గడిచాక మార్చుకోవాలన్న సంగతి ఒప్పుకునే తీసుకోండి. బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టిన వెదురయితే పురుగు తక్కువ పడుతుంది. అడుగు అంచు నేలకి ఆనకుండా రెండు మూడు అంగుళాలు పైకి ఉంచండి, చెదలు అక్కణ్నుంచే ఎక్కుతాయి. దీపావళి రాత్రి ఎండిన తడక మీద తారాజువ్వ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, ఆ సాయంత్రం నీళ్లు చల్లి తడిపి ఉంచండి.

ప్లాస్టిక్ ఆకుల మ్యాట్లు. కొన్న రోజు ఫొటోకి బాగుంటాయి. ఎండ తగిలే చోట రంగు వెలిసి నీలంగా మారతాయి, దుమ్ము పడితే కడగడం కష్టం, నిప్పంటుకుంటే త్వరగా కాలతాయి. నీడలో ఉండే బాల్కనీకి సరే, ప్రహరీకి నేను చెప్పను.

లూవర్లు. పై అంతస్తు నుంచి పడే చూపుకి, గాలి కూడా కావాలనుకున్న చోటికి ఇదే సరైన జవాబు. అడ్డంగా ఉండే పలకలు, బయటి అంచు కిందికి, లోపలి అంచు పైకి ఉండేలా వాలుగా పెట్టాలి. అప్పుడు పై నుంచి కిందికి వచ్చే చూపు పలకకి తగిలి ఆగుతుంది, గాలి సందుల్లోంచి వస్తుంది, వాన బయటికి జారుతుంది. తిరగేసి బిగిస్తే పక్కింటి మేడకి మీ పెరడు పలకల సందుల్లోంచి చక్కగా కనిపిస్తుంది. ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, చాలాచోట్ల ఇలా తిరగేసే బిగిస్తారు. ఒక చిక్కుంది: సరిహద్దు గీత మీదే కడితే జారే నీళ్లు పక్కింటి స్థలంలో పడతాయి, కాబట్టి మీ హద్దులోకి కొంచెం లోపలికి జరపండి.

నిలువు పలకలు ఏటవాలు చూపుని ఆపుతాయి, ఎదురు చూపుని ఆపవు. వీధిలో నడిచేవాళ్లకి అడ్డుగా పనికొస్తాయి, ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్లకి కాదు.

లూవర్లకి అల్యూమినియం ఎక్కువ కాలం మన్నుతుంది, తేలిక. డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలక) చూడ్డానికి కర్రలా ఉంటుంది, చెద పట్టదు. కానీ ఇంటి లోపలి గోడల డెకరేషన్‌కి అమ్మే పల్చటి లూవర్ ప్యానెళ్లనే బయటికీ అంటగడుతుంటారు. మే నెల ఎండకి అవి అరటాకులా వాలిపోతాయి. ఔట్‌డోర్ గ్రేడ్ అని బిల్లు మీద రాయించుకోండి, ముదురు రంగు వద్దు, ప్రతి ఒకటిన్నర రెండడుగులకి వెనక ఆసరా ఉండాలి.

లేజర్ కటింగ్ ఇనుప షీట్లు. డిజైన్లు బోలెడు. చిల్లులున్నందున గాలి తోపు కొంత తగ్గుతుంది. డిజైన్ ఎంచుకునేటప్పుడు ఫోనులో బొమ్మ చూసి సరేననకండి, అసలు సైజులో ఒక అడుగు ముక్క తెప్పించి పది అడుగుల దూరం నుంచి చూడండి. పెద్ద పెద్ద పూల చిల్లులుంటే చాటు సంగతి మర్చిపోవచ్చు. కోసిన అంచుల దగ్గరే తుప్పు మొదలవుతుంది, కాబట్టి కటింగ్ అంతా అయ్యాకే ప్రైమర్, పౌడర్ కోటింగ్ వేయించాలి. సముద్రానికి దగ్గరలో ఉంటే ఇనుము జోలికి పోకుండా అల్యూమినియం తీసుకోండి, స్క్రూలు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి.

హెచ్‌పీఎల్ (ఒత్తిడితో అతికించిన లామినేట్ షీటు), ఏసీపీ (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే షీటు), రేకులు, పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్ షీటు). ఇవన్నీ గట్టి తెరలు, గాలి మొత్తం వీటి మీద పడుతుంది. ఫ్రేమ్ బలంగా ఉంటేనే ఆలోచించండి. హెచ్‌పీఎల్ అయితే ఎక్స్‌టీరియర్ గ్రేడ్, 6 మిల్లీమీటర్లు లేదా 8. పాలీకార్బొనేట్‌కి యూవీ పూత ఉన్న ముఖం ఎండ వైపు ఉండాలి, అది ఏ వైపో పైన అంటించిన ఫిల్మ్ మీద రాసి ఉంటుంది. రేకులు వేడెక్కుతాయి, వానకి మోగుతాయి, ఎండని పక్కింటి గదిలోకి కొడతాయి.

సిమెంటు జాలీలు. కొత్తగా గోడ కడుతున్నవాళ్లు పాత ఇళ్లలో ఉండే ఈ జాలీలని ఓసారి గుర్తు తెచ్చుకోండి. గాలి ఆడుతుంది, రంగు వేస్తే చాలు, దశాబ్దాలు ఉంటాయి. బరువెక్కువ కాబట్టి పాత నాలుగున్నర అంగుళాల గోడ మీద పెట్టొద్దు.

కొటేషన్ అడిగేటప్పుడు చదరపు అడుగు రేటులో ఫ్రేమ్, పోస్టులు, పెయింటు, రవాణా, బిగింపు కలిశాయా లేదా అని విడివిడిగా రాయించుకోండి. ఒకరు రన్నింగ్ అడుగుకి, ఒకరు చదరపు అడుగుకి చెబితే పోలిక కుదరదు.

## 6. మొక్కలతో చాటు

స్థలం, ఏడాది ఓపిక రెండూ ఉంటే మొక్కని మించిన తెర లేదు. గాలిని ఆపదు, జల్లెడ పడుతుంది.

నాలుగైదు అడుగుల ఎత్తు చాలంటే గోరింట, మందారం, నందివర్ధనం, నూరువరహాలు. రెండు మూడడుగుల ఎడంతో నాటి, కొనలు తుంచుతూ ఉంటే కింద నుంచి గుబురుగా వస్తాయి. తుంచకపోతే మొదళ్లు బోడిగా, పైన మాత్రం గుత్తుగా ఎదిగి, కావాల్సిన ఎత్తులోనే సందులుంటాయి.

ఎత్తు కావాలంటే నరమామిడి, మనం అశోక అని పిలుచుకునే నిటారు చెట్టు. ఒక వరసలో నాలుగైదు అడుగుల ఎడంతో వేస్తారు. ఆకు బాగా రాలుతుంది, పెనుగాలికి విరిగే భయం ఉంది, కరెంటు తీగల కింద వద్దు. వెదురు వేస్తే ఒకే చోట గుంపుగా పెరిగే రకం తీసుకోండి. నేల కింద పాకే రకమైతే ప్రహరీ దాటి పక్కింట్లో మొలుస్తుంది.

తీగలకి చైన్‌లింక్ జాలీ, గ్రిల్ బాగా పనికొస్తాయి. రాధామనోహరం, కర్టెన్ క్రీపర్ దట్టంగా అల్లుకుంటాయి. కాగితం పూల ముళ్లు దొంగలకి అడ్డే కానీ, దారి పక్కన వేస్తే నడిచేవాళ్లకి గీరుకుంటాయి. గన్నేరు, పచ్చగన్నేరు విషపూరితం, పసిపిల్లలు, మేకలు తిరిగే చోట వద్దు.

కోనోకార్పస్ త్వరగా గుబురవుతుందని నర్సరీవాళ్లు ఇప్పటికీ చూపిస్తారు. వేళ్లు పైపులు, డ్రైనేజీల్లోకి చొరబడతాయని, పుప్పొడి ఆరోగ్యానికి ఇబ్బంది అన్న ఫిర్యాదులతో గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడం నిషేధించింది. తెలంగాణ అంతకుముందే వద్దంది. కొనకండి.

నాటే వరుస:

1. తొలకరి వాన పడ్డాక మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో నాటితే సగం పోతాయి.
2. గోడకి కనీసం ఒకటిన్నర, రెండడుగుల దూరంలో గుంటలు తీయండి. సంపు, సెప్టిక్ ట్యాంకు పక్కన చెట్లు వద్దు, కుండీలే.
3. ఒకటిన్నర అడుగుల గుంట తీసి, పైమట్టిలో మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి.
4. డ్రిప్ పైపు నాటిన రోజే వేయండి. తర్వాత వేద్దామనుకుంటే ఎప్పటికీ వేయం.
5. మొదటి ఏడాది చాటు కోసం మొక్కల వెనక తాత్కాలికంగా నెట్ కట్టి, గుబురయ్యాక తీసేయండి.

గుబురు కింద ఎండుటాకులు పేరుకుంటే పాములు, ఎలకలు చేరతాయి. మొదలు దగ్గర అరడుగు ఖాళీ కనిపించేలా కత్తిరించి ఊడ్చండి. కోతుల బెడద ఉన్న ఊళ్లో పండ్లు, కాయలు వచ్చే తీగలు ప్రహరీ మీదకి పాకించకండి, అది వాటికి భోజనం పెట్టి పిలవడమే.

## 7. బిగించే వరుస

సొంత పోస్టులతో, ఫ్రేమ్ మీద ప్యానెళ్లు పెట్టే పద్ధతి ఇది.

1. హద్దు చూసుకోండి. దస్తావేజు కొలతలతో సరిపోల్చి, తెర మొత్తం మీ స్థలంలోనే ఉండేలా దారం కట్టండి. భూమిలో పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో తెలుసుకోండి.
2. పోస్టుల చోట్లు గుర్తించండి. ఆరడుగుల దూరం మంచిది, ఎనిమిది దాటొద్దు. ప్యానెల్ సైజుని బట్టి దూరం వేసుకుంటే కోతలు, వృథా తగ్గుతాయి.
3. గుంటలు. నేలపై ఎత్తులో సగం లోతు, అంటే మొత్తం పోస్టులో మూడో వంతు భూమిలో ఉండాలి. ఎనిమిది అడుగుల తెరకి 12 అడుగుల పోస్టు, నాలుగడుగుల గుంట. ప్రహరీ ఆసరా లేకుండా గాలికి సొంతంగా నిలబడేది కాబట్టి ఇక్కడ పిసినారితనం వద్దు. నల్లరేగడి నేలయితే పైమట్టి ఉబ్బుతూ కుంగుతూ ఉంటుంది, లోతు ఇంకా పెంచండి.
4. పోస్టులు. గాల్వనైజ్డ్ చదరపు పైపు, కనీసం రెండంగుళాలది, 2 మిల్లీమీటర్ల మందం. కోస్తాలో, గట్టి తెరకి, మూడంగుళాలది తీసుకోండి. పై మూతి మూయించాలి, లేకపోతే వాన నీళ్లు దిగి లోపల్నుంచి తుప్పు పడుతుంది.
5. కాంక్రీటు. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లు. పోసిన రోజునే నిలువు సరిచూసి ఆసరా కట్టండి. పై అంచు నేలకంటే కొంచెం ఎత్తుగా, బయటికి వాలుగా నున్నగా చేయాలి.
6. వారం ఆగండి. రోజూ తడుపుతూ ఉండండి. మేస్త్రీ తొందరపెట్టినా ఆ వారం ప్యానెళ్లు ఎక్కించొద్దు.
7. అడ్డ పైపులు, రంగు. వెల్డింగ్ అయిన ప్రతి చోటా గాల్వనైజ్ పూత కాలిపోతుంది. అక్కడ గీకి జింక్ ప్రైమర్ వేసి, ఆ తర్వాతే రంగు.
8. ప్యానెళ్లు. కింద రెండు మూడు అంగుళాలు వదలండి. డబ్ల్యూపీసీ, హెచ్‌పీఎల్, పాలీకార్బొనేట్ ఎండకి వ్యాకోచిస్తాయి, ముక్కల మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదిలి, స్క్రూ రంధ్రాలు కొంచెం పెద్దవిగా వేయించండి. స్క్రూల కింద రబ్బరు వాషర్లు.
9. కుర్చీ పరీక్ష. రెండు ప్యానెళ్లు బిగించగానే పని ఆపించి, మొదట గుర్తించిన చోట కూర్చుని చూడండి. ఎత్తు చాలకపోతే మిగతావి బిగించకముందే తెలుస్తుంది.

సర్వీసు వైరు తెర మీదుగా వెళ్తుంటే ఇనుప ఫ్రేమ్ ఎత్తకముందే కరెంటు ఆఫీసుకి చెప్పి జరిపించండి. లైట్లు బిగించే ఇనుప తెరకి ఎర్తింగ్ తప్పనిసరి.

నెట్ కట్టేవాళ్లకి వేరే మాట: పైనా కిందా గట్టి జీఐ తీగ (జింక్ పూత ఉన్న ఇనుప తీగ) లాగి, నెట్ అంచు మడిచి రెండు పొరల మీద ఐలెట్లు (తాడు దూర్చే రింగులు) కొట్టించి, ప్రతి అడుగుకీ కట్టండి. కింది అంచు కొక్కేలతో ఉంటే తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు పది నిమిషాల్లో విప్పి పైకి చుట్టేయవచ్చు.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

నెట్ వదులై టపటపా కొట్టుకుంటోంది. తెల్ల నైలాన్ ట్యాగులు ఎండకి పెళుసై తెగి ఉంటాయి. యూవీ తట్టుకునే నల్ల ట్యాగులు లేదా బైండింగ్ వైరు వాడండి. మధ్యలో అడ్డంగా మరో తీగ లాగండి.

గాలికి గోడ ఊగుతోంది. ఆలస్యం చేయకుండా ఒకటి విడిచి ఒకటి ప్యానెళ్లు తీసేయండి. తర్వాత లోపలి వైపు పోస్టులు పాతి, తెర భారాన్ని గోడ నుంచి వాటికి మార్చండి. ప్యానెళ్లకి చిల్లులు వేయడం సవరణ కాదు.

పెరడు ఉక్కగా మారింది. గాలి వచ్చే వైపు గట్టి షీట్లని లూవర్లతో మార్చండి. కనీసం పైనా కిందా అడుగు చొప్పున తెరిచి చూడండి, చాలాసార్లు సరిపోతుంది.

ప్యానెల్ మధ్యలో ఉబ్బింది. స్క్రూలు బిర్రుగా ఉన్నాయి, సందు లేదు. విప్పి, రంధ్రాలు పెద్దవి చేసి తిరిగి బిగించండి. ముక్క శాశ్వతంగా వంగితే మార్చక తప్పదు.

స్క్రూల చుట్టూ తుప్పు మరకలు. మామూలు ఇనుప స్క్రూలు వాడారు. ఒక్కొక్కటిగా స్టెయిన్‌లెస్ వాటితో మార్చండి, అల్యూమినియం అయితే మధ్యలో రబ్బరు వాషర్ ఉండాలి.

మొక్కల వరస కింద బోడిగా ఉంది. వానాకాలం మొదట్లో ఎత్తులో మూడో వంతు కత్తిరించి ఎరువు వేయండి. ముందు వరసలో పొట్టి మొక్కలు పెట్టండి.

## 9. అడ్వాన్స్ ఇచ్చే ముందు చెక్‌లిస్ట్

- చూపు గీతల బొమ్మ ఉంది, రాత్రి కూడా చూశాం
- ఎత్తు కర్రతో కొలిచాం, తెరని కుర్చీకి దగ్గరగా జరిపే వీలుందేమో చూశాం
- గోడ మందం, పిల్లర్ల దూరం తెలుసు
- మున్సిపాలిటీ లేదా అసోసియేషన్‌లో అడిగాం, పక్కింటివాళ్లకి చెప్పాం
- మెటీరియల్ అసలు ముక్కని ఎండలో పెట్టి చూశాం
- కొటేషన్‌లో గ్రేడ్, మందం, పైపు సైజు, స్క్రూల రకం రాసి ఉన్నాయి
- వారంటీ బయట ఎండలో వాడకానికి వర్తిస్తుందని కాగితం మీద ఉంది
- మొత్తం డబ్బు ముందే ఇవ్వడం లేదు, కుర్చీ పరీక్ష అయ్యాకే ఆఖరి వాయిదా

అద్దె ఇంట్లో ఉంటే ఈ జాబితాలో సగం మీకు అక్కర్లేదు. గోడకి మేకు కొట్టకుండా, బరువైన కుండీల్లో నిలబెట్టిన ట్రెల్లిస్ (తీగలు పాకే జాలీ ఫ్రేమ్) మీద శంఖపుష్పం గానీ బచ్చలి గానీ పాకించండి. కుండీలు గాలికి దొర్లకుండా అడుగున కంకర పోయండి. ఇల్లు మారేటప్పుడు తెర కూడా మీతోనే వస్తుంది.